అమెరికాలో ఎల్‌వీఎన్ నర్సు ఉద్యోగం: పనికి లోటు లేదు, జీతానికి గోడ ఉంది

రాత్రి 9 గంటల మందుల టైము. కాలిఫోర్నియాలో ఒక నర్సింగ్ హోమ్. నర్సింగ్ హోమ్ అనగానే మన ఊళ్లో డాక్టరుగారి పది పడకల ఆస్పత్రి గుర్తొస్తుంది కానీ, అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. ఇంట్లో చూసుకోవడం కుదరని ముసలివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఆపరేషన్ అయి ఇంకా నడక రానివాళ్లు నెలల తరబడి, కొందరైతే పోయేదాకా ఉండే చోటు అది. కారిడార్‌లో ఒక నర్సు మందుల బండి తోసుకుంటూ గది గదికీ వెళుతోంది. ఆమె కింద 28 మంది ఉన్నారనుకుందాం. రాసిపెట్టిన టైముకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా, ఆ రెండు గంటల్లోనే అందరికీ మందులు పడిపోవాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. 120 నిమిషాలు, 28 మంది. తలా నాలుగు నిమిషాల పైచిలుకు.

ఆ నాలుగు నిమిషాల్లో ఏడెనిమిది మాత్రలు సరిచూసి తియ్యాలి. మింగలేనివాళ్లకు పొడి చేసి యాపిల్ సాస్‌లో కలపాలి. వేలు పొడిచి షుగర్ చూసి, దాన్ని బట్టి ఇన్సులిన్ వెయ్యాలి. పొట్టలో గొట్టం ఉన్నవాళ్లకు మందును నీళ్లలో కరిగించి గొట్టంలో పోయాలి. నాకొద్దు పొమ్మని మూతి బిగించే పెద్దావిడను బతిమాలాలి. ఇచ్చింది ఇచ్చినట్టు కంప్యూటర్‌లో నమోదు చెయ్యాలి. మధ్యలో ఎవరో బాత్రూమ్‌లో జారిపడ్డారని కేక వినిపిస్తే ఈ లెక్కంతా గల్లంతు. పడ్డ మనిషిని చూడాలి, డాక్టరుకు ఫోన్ చెయ్యాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, రిపోర్టు రాయాలి. బండి మాత్రం అక్కడే ఆగి ఉంటుంది.

ఆ బండి తోసే మనిషి చాలా రాత్రులు ఎల్‌వీఎనే. అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్. కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో మాత్రమే ఈ పేరు వాడతారు. మిగతా రాష్ట్రాల్లో ఇదే ఉద్యోగాన్ని లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్, ఎల్‌పీఎన్ అంటారు. పేరు వేరైనా రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్ పీఎన్. రెండు రాష్ట్రాల్లోనూ ఈ లైసెన్సుకు చట్టం వచ్చింది 1951లో. అమెరికా మొత్తంలో ఇలాంటి నర్సులు ఆరున్నర లక్షల మంది దాకా ఉన్నారు. రాష్ట్రాలవారీగా చూస్తే అందరికంటే ఎక్కువమంది ఉన్నది కూడా కాలిఫోర్నియా, టెక్సస్‌లలోనే.

నర్సింగ్‌లో వీళ్లది నడిమెట్టు. కింద సీఎన్ఏ, అంటే స్నానం చేయించి, పక్క మార్చి, అన్నం తినిపించే నర్సింగ్ అసిస్టెంట్. పైన ఆర్ఎన్, రిజిస్టర్డ్ నర్స్. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ మే 2024 లెక్కల ప్రకారం ఏడాది మధ్యస్థ జీతం సీఎన్ఏకి 39,530 డాలర్లు, ఎల్‌వీఎన్‌కి 62,340, ఆర్ఎన్‌కి 93,600. గంటల్లోకి మారిస్తే ఇంకా తేలిగ్గా గుర్తుంటుంది. 19, 30, 45. మధ్యస్థం అంటే సగంమంది దానికి పైన, సగంమంది కింద. ఎల్‌వీఎన్‌లలో అట్టడుగు పదో వంతుకు 48 వేల లోపే వస్తుంది, పైన పదో వంతుకు 80 వేలు దాటుతుంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. వృత్తిలో అందరికంటే బాగా సంపాదించే పదో వంతు మొదలయ్యేదే 80 వేల దగ్గర. ఆర్ఎన్‌ల వరుసలో సరిగ్గా మధ్యన నిలబడిన మనిషికి అంతకంటే 13 వేలు ఎక్కువ వస్తోంది. అంటే ఎల్‌వీఎన్‌గా ఎంత సీనియారిటీ ఉన్నా, మామూలు ఆర్ఎన్ జీతాన్ని అందుకోవడం కష్టం. కోర్సు అమ్మే కాలేజీల బ్రోషర్లలో మొదటి జీతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పదిహేనేళ్ల తర్వాతి జీతం ఎక్కడా కనపడదు.

జీతాల్లో కొత్తవాళ్లు ఊహించని సంగతి ఇంకొకటి ఉంది. ఆస్పత్రి అంటే పెద్దది కాబట్టి జీతమూ పెద్దదే అనుకుంటాం. ఎల్‌వీఎన్‌ల విషయంలో ఇది తిరగబడుతుంది. దేశం మొత్తం మీద చూస్తే నర్సింగ్ హోముల్లో, ఇంటికెళ్లి చేసే హోమ్ హెల్త్‌లో వచ్చేది ఎక్కువ. ఆస్పత్రుల్లో తక్కువ, డాక్టర్ల క్లినిక్కుల్లో మరీ తక్కువ. క్లినిక్‌లో పని పగలు, శని ఆదివారాలు సెలవు, మనిషి మీద భారం తక్కువ. దానికోసం చాలామంది గంటకు నాలుగైదు డాలర్లు వదులుకోవడానికైనా సిద్ధపడతారు. ఆస్పత్రిలో మరి? అక్కడ ఎల్‌వీఎన్‌తో చేయించగలిగే పని తక్కువ. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రోగిని పూర్తిగా అంచనా వేసి చికిత్స ప్రణాళిక వెయ్యాల్సింది ఆర్ఎన్. ఎల్‌వీఎన్ వివరాలు సేకరించి అందించాలి. విడిగా సర్టిఫికెట్ తీసుకుంటే సెలైన్ పెట్టొచ్చు, రక్తం తియ్యొచ్చు. కానీ నరం ద్వారా మందులు ఎక్కించే అధికారం మామూలుగా ఉండదు. ఐసీయూ నుంచి వార్డు దాకా నరంలోకే మందులు పోయే ఈ రోజుల్లో, ఆ ఒక్క హద్దు చాలు ఆస్పత్రి తలుపు సగం మూసుకోవడానికి. 2004లో కాలిఫోర్నియాలో నర్సుకు ఇంతమందే రోగులు అన్న నిష్పత్తి చట్టం అమల్లోకి వచ్చినప్పుడు లైసెన్సున్న నర్సుల్లో సగం దాకా ఎల్‌వీఎన్‌లను లెక్కలోకి తీసుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. అయినా నరం మందులు ఇవ్వలేని నర్సును పెట్టుకుని పక్క నర్సు మీద ఆ భారం వెయ్యడం ఎందుకని ఆస్పత్రులు ఆర్ఎన్‌ల వైపే మొగ్గాయి. ఇప్పుడు దేశంలో ఎల్‌వీఎన్, ఎల్‌పీఎన్‌లలో ఆస్పత్రుల్లో ఉన్నది ఏడుగురిలో ఒకరు. నర్సింగ్ హోములు, వృద్ధుల వసతి కేంద్రాల్లో మూడో వంతుకు పైగా.

నర్సింగ్ హోములు వీళ్లను ఎందుకంత కోరుకుంటాయి? జవాబు 1987 నాటి ఫెడరల్ చట్టంలో ఉంది. నర్సింగ్ హోములో ఆర్ఎన్ రోజుకు కనీసం 8 గంటలు, వారంలో ఏడు రోజులూ ఉండాలి. మిగతా గంటల్లో లైసెన్సున్న నర్సు ఉంటే చాలు. ఈ "లైసెన్సున్న నర్సు" అన్న రెండు మాటల్లోనే ఎల్‌వీఎన్ బతుకుతెరువు ఉంది. 24 గంటల్లో 8 పోగా మిగిలిన 16 గంటలకు చట్టం అడిగేది లైసెన్సు. ఆ లైసెన్సు గంటకు 45 డాలర్లకు దొరుకుతుంది, 30 డాలర్లకూ దొరుకుతుంది. యాజమాన్యం దేన్ని కొంటుందో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం షిఫ్టుకీ రాత్రి షిఫ్టుకీ చార్జ్ నర్సు, అంటే ఆ పూట బాధ్యురాలు, ఎల్‌వీఎనే కావడం ఇందుకే.

జీతానికి గోడ కట్టిందీ ఈ లెక్కే. ఆర్ఎన్ కంటే చౌక కాబట్టే ఎల్‌వీఎన్‌కు గిరాకీ. ఎల్‌వీఎన్ జీతం ఆర్ఎన్ జీతానికి మరీ దగ్గరికి వచ్చిందంటే, ఇంకాస్త కలిపి ఆర్ఎన్‌నే తెచ్చుకుందాం అన్న ఆలోచన మొదలవుతుంది. నరం మందుల సమస్యా తీరుతుంది. కాబట్టి కొరత ఎంతున్నా జీతం ఒక ఎత్తు వరకే పెరుగుతుంది.

ఇంకో గోడ డబ్బు వచ్చే దారిలో ఉంది. అమెరికా నర్సింగ్ హోముల్లో ఉన్నవాళ్లలో పదిమందిలో ఆరుగురికి ఖర్చు కట్టేది మెడికెయిడ్, అంటే పేదల కోసం రాష్ట్రాలు, కేంద్రం కలిసి నడిపే పథకం. మెడికేర్ వేరు. ఆస్పత్రి నుంచి వచ్చాక కోలుకునే దశలో ఎక్కువలో ఎక్కువ 100 రోజుల వరకే అది చూసుకుంటుంది. దాచుకున్నదంతా కరిగిపోయాక ముసలివాళ్లు చివరికి చేరేది మెడికెయిడ్ ఖాతాలోకే. రోజుకు మనిషికి ఎంత ఇవ్వాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది. హోటల్ వాడిలా గది అద్దె పెంచి నర్సుకు ఎక్కువ ఇచ్చే వీలు నర్సింగ్ హోముకు లేదు. యజమానులు లాభాలు తీసుకోవడం లేదని కాదు, అది వేరే పెద్ద కథ. కానీ జీతాల పగ్గం చాలావరకు రాష్ట్ర బడ్జెట్ చేతిలో ఉందన్నది నిజం. కాలిఫోర్నియాలోనే దీనికి ఉదాహరణ ఉంది. వెంటిలేటర్ మీద ఉన్న పిల్లల్ని ఇంటి దగ్గరే చూసుకునే ప్రైవేట్ డ్యూటీ నర్సింగ్‌కు మెడికాల్, అంటే అక్కడి మెడికెయిడ్, ఇచ్చే రేటు ఏళ్ల తరబడి కదల్లేదు. నర్సు దొరక్క తల్లిదండ్రులే రాత్రంతా మేలుకుని కూర్చునేవాళ్లు. 2018 జులైలో ఆ రేటును ఒక్కసారిగా 50 శాతం పెంచారు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఎల్‌వీఎన్‌లే. అక్కడ జీతం కదిలింది మార్కెట్ వల్ల కంటే రాష్ట్రం సంతకం వల్ల.

ఇక ఉద్యోగ అవకాశాల సంగతి. 2024 నుంచి 2034 దాకా ఈ ఉద్యోగాలు 3 శాతం పెరుగుతాయని కార్మిక గణాంకాల సంస్థ అంచనా. ఏటా 54 వేల పైచిలుకు ఖాళీలు వస్తాయని కూడా చెబుతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనపడుతుంది. ఆరున్నర లక్షల్లో 3 శాతం అంటే పదేళ్లకు 20 వేలు, ఏడాదికి రెండు వేలు. మరి 54 వేల ఖాళీలు ఎక్కడివి? మిగతా 52 వేలూ ఉన్నవాళ్లు వెళ్లిపోవడం వల్ల వచ్చేవే. కొందరు రిటైర్ అవుతారు. కొందరు చదువుకుని ఆర్ఎన్ అవుతారు. నడుం పోయి, విసిగిపోయి మానేసేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుంది అన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో కూడా ఇంటర్వ్యూలో అడగడం మంచిది. మీ దగ్గర ఒక నర్సు చేతికింద ఎంతమంది ఉంటారు? మొన్నటి నర్సు ఎన్నాళ్లు చేసింది? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు అనుకోవాలి.

గిరాకీ తగ్గే సూచనలైతే లేవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946 నుంచి 1964 దాకా పుట్టిన పెద్ద తరంలో మొదటివాళ్లకు 2026లో 80 ఏళ్లు నిండుతున్నాయి. నర్సింగ్ హోము అవసరం ఎక్కువగా పడేది 80 దాటాకే. ఇంకో పక్క ప్రభుత్వం డబ్బు బిగిస్తోంది. 2025 జులైలో వచ్చిన ఫెడరల్ చట్టం మెడికెయిడ్ ఖర్చుకు పెద్ద కోత పెట్టింది. రోగులు పెరగడం, డబ్బు తగ్గడం రెండూ ఒకేసారి జరిగితే యాజమాన్యాలు సహజంగా చౌక లైసెన్సు వైపే వెళతాయి. ఎల్‌వీఎన్‌కు పని పెరుగుతుంది, మనిషికి వచ్చే నాలుగు నిమిషాలు మూడు అవుతాయి.

2024లో వచ్చి పోయిన సిబ్బంది నిబంధన కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఏడాది వసంతంలో ఫెడరల్ ప్రభుత్వం నర్సింగ్ హోములకు కనీస సిబ్బంది ఎంతో ఖాయం చేసింది. రోజుకు ఒక్కో మనిషికి మొత్తం 3.48 గంటల నర్సింగ్ సేవ, అందులో ఆర్ఎన్ 0.55 గంటలు, సీఎన్ఏ 2.45 గంటలు. ఆర్ఎన్ 24 గంటలూ ఉండాలి. ఆ 0.55, 2.45 కూడితే 3.00. మిగిలిన 0.48 గంటలు ఏ నర్సుతోనైనా నింపుకోవచ్చు. ఎల్‌వీఎన్ అన్న మాటకు ప్రత్యేకంగా కోటా లేదు. నిబంధన అమలైతే డబ్బంతా ఆర్ఎన్, సీఎన్ఏలకు పోయి మధ్యవాళ్లను తీసేస్తారేమోనని ఎల్‌వీఎన్‌లలో టెన్షన్ మొదలైంది. రోగులకు మేలు చెయ్యాలని తెచ్చిన నిబంధన నడిమెట్టు నర్సును లెక్కలోంచి జారవిడిచింది. 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది జులై చట్టం దాని అమలును 2034 దాకా ఆపేసింది. ఎల్‌వీఎన్ ఉద్యోగానికి అలా ఊపిరి పోసింది కోర్టు తీర్పూ, ఖర్చుల కోత చట్టమూ. రోగి పక్షాన ఆలోచిస్తే సంతోషించాల్సిన సంగతి కాదు. అయినా ఈ వృత్తి భవిష్యత్తు ఎలాంటి మలుపుల మీద ఆధారపడి ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

రాష్ట్రాల మధ్య తేడా చిన్నది కాదు. కాలిఫోర్నియాలో ఏడాది సగటు 70 వేల డాలర్లు దాటింది. వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి పడమటి రాష్ట్రాలూ ఆ వరుసలోవే. దక్షిణాదిలో, ముఖ్యంగా మిసిసిపి, అలబామా, వెస్ట్ వర్జీనియాల్లో బాగా తక్కువ. టెక్సస్ వీటికి మధ్యన ఉంటుంది. అయితే శాన్‌హోజేలో ఒక పడకగది అపార్ట్‌మెంట్‌కు నెలకు రెండున్నర వేల డాలర్లు సులువుగా అవుతుంది. గంటకు 35 డాలర్ల జీతంలో పన్నులు పోగా చేతికొచ్చే దాంట్లో సగానికి సగం అద్దెకే పోతుంది. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసి మురిసిపోయే లెక్క అద్దె కట్టే రోజున నిలబడదు. ఇంకో తేడా ఉంది. టెక్సస్ నర్సుల లైసెన్సుల ఒప్పందంలో చేరింది. అక్కడి లైసెన్సుతో ఒప్పందంలో ఉన్న ఇతర రాష్ట్రాల్లోనూ పనిచెయ్యొచ్చు. కాలిఫోర్నియా చేరలేదు.

కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్‌లు నిజంగా సంపాదించేది ఓవర్‌టైమ్‌లో. అక్కడి చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండు రెట్లు ఇవ్వమంటుంది. గంటకు 34 డాలర్లు అనుకుందాం. తర్వాతి షిఫ్టు నర్సు రాలేదు, ఈమే ఉండిపోయి 16 గంటలు చేసింది. మొదటి 8 గంటలకు 272. తర్వాతి 4 గంటలకు 51 చొప్పున 204. చివరి 4 గంటలకు 68 చొప్పున 272. మొత్తం 748 డాలర్లు. రెండో ఎనిమిది గంటలు మొదటి ఎనిమిదికి ఒకటి ముప్పావు రెట్లు తెచ్చాయి. టెక్సస్‌లో ఇలాంటి రోజువారీ లెక్క లేదు. వారానికి 40 గంటలు దాటితేనే ఓవర్‌టైమ్. నేను ఏడాదికి లక్ష డాలర్లు చేస్తున్నాను అని ఏ ఎల్‌వీఎన్ అయినా అంటే, అది అబద్ధమై ఉండక్కర్లేదు. వెనక ఇలాంటి 16 గంటల రోజులు ఎన్ని ఉన్నాయో అడగాలి. కోవిడ్ రోజుల్లో 2021, 2022ల్లో ఏజెన్సీలు ఇచ్చిన రేట్లు ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంటాయి. ఆ రేట్లు తర్వాత దిగిపోయాయి. కాలిఫోర్నియాలో రిజిస్ట్రీ అని పిలిచే ఏజెన్సీ పనిలో గంట రేటు ఎక్కువే కానీ, ఆరోగ్య బీమా, సెలవులు చాలాసార్లు ఉండవు. అవసరం లేకపోతే షిఫ్టుకు రెండు గంటల ముందు ఫోన్ చేసి రావద్దంటారు.

గోడకు ఇవతలే ఉంటూ కొంచెం హాయిగా బతికే దారులు లేకపోలేదు. కాలిఫోర్నియా రాష్ట్ర జైళ్లు అందులో ఒకటి. అక్కడి వైద్యం మరీ అధ్వాన్నంగా ఉందని ఫెడరల్ కోర్టు 2006లో ఒక రిసీవర్‌ను, అంటే కోర్టు తరఫు నిర్వాహకుణ్ని, పెట్టి జైళ్ల వైద్య వ్యవస్థను చేతుల్లోకి తీసుకుంది. ఆ మార్పుల్లో భాగంగా, అంతకుముందు కాపలా పనీ వైద్యం పనీ కలిపి చేసిన ఉద్యోగుల బదులు ఎల్‌వీఎన్‌లను తీసుకున్నారు. ఖైదీలు కిటికీ ముందు వరుసలో నిలబడి మందులు తీసుకునే చోట ఇప్పుడు ఇచ్చేది వీళ్లే. యూనియన్ ఉంది, ప్రభుత్వ పెన్షన్ ఉంది. ఊరికి దూరంగా ఎడారి పక్కన ఉండాల్సి రావచ్చు, అది వేరే సంగతి. బీమా కంపెనీల్లో కాగితాలు చూసే పని, నర్సింగ్ హోములోనే ఎండీఎస్ అనే రోగుల వివరాల ఫారాలు నింపే పని నడుం నొప్పి వచ్చినవాళ్లకు పెద్ద ఊరట. కాలిఫోర్నియాలోని పెద్ద ఆస్పత్రి సంస్థల్లో ఇంకో చిత్రం జరుగుతోంది. 2024 అక్టోబరు నుంచి అక్కడ ఆరోగ్య రంగ కనీస వేతనం గంటకు 23 డాలర్లయింది, 25 దాకా ఎక్కేలా చట్టం రాశారు. గదులు తుడిచే మనిషికి అది రావడం న్యాయమే. ఏడాది చదివి, పరీక్ష రాసి, లైసెన్సు పోతుందేమోనన్న భయంతో పనిచేసే ఎల్‌వీఎన్‌కు మాత్రం కింది మెట్టు పైకి వస్తున్నట్టు, తన మెట్టు అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది.

చదువు ఖర్చే అసలు తేడా తెచ్చేది. కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్ కోర్సుకు కనీసం 1,530 గంటలు కావాలి, 576 క్లాసులో, 954 క్లినికల్‌లో. టెక్సస్‌లో 1,398 గంటలు. పూర్తికాలం చదివితే ఏడాది, ఏడాదికి కాస్త పైన. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే ప్రభుత్వ స్థానిక కాలేజీలో, రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (చదువును కొలిచే లెక్క అది) 46 డాలర్లు. 50 యూనిట్ల కోర్సు అనుకుంటే 2,300 డాలర్లు, దాని మీద పుస్తకాలు, యూనిఫారం. ప్రైవేటు కాలేజీలో ఇదే కోర్సు 30 వేల పైన. వచ్చేది అదే లైసెన్సు, అదే జీతం. మరి ఎందుకు చేరతారు? కమ్యూనిటీ కాలేజీలో సీటు కోసం ఏళ్లు ఎదురుచూడాలి, ప్రైవేటులో వచ్చే నెలే క్లాసులు మొదలు. తొందర ఖరీదు 28 వేలన్నమాట. అప్పు చేసి చేరేముందు ఆ కాలేజీ పాస్ శాతం చూడటం తప్పనిసరి. కాలిఫోర్నియా వొకేషనల్ నర్సింగ్ బోర్డు కాలేజీలవారీగా ఆ అంకెలు బయటపెడుతుంది. రాష్ట్ర సగటు కంటే పది పాయింట్లకు మించి పడిపోకూడదన్నది కాలేజీలకు నిబంధన. అసలు కాలేజీకే వెళ్లకుండా పరీక్ష రాసే దారి కూడా కాలిఫోర్నియాలో ఒకటుంది. 51 నెలలు జీతం తీసుకుని రోగి పడక దగ్గర నర్సింగ్ పని చేసిన అనుభవం, 54 గంటల మందుల కోర్సు చూపించగలగాలి. ఏళ్ల తరబడి ఆస్పత్రి వార్డుల్లో సీఎన్ఏగా చేసినవాళ్లకు పనికొచ్చే దారి ఇది. కాలేజీలవాళ్లు దీని గురించి చెప్పరు, వాళ్లకేం లాభం?

ఈ ఉద్యోగంతో తెలుగువాళ్లకు పని పడేది ఎక్కువగా రెండు చోట్ల. భర్త హెచ్‌1బీ మీద ఉండగా డిపెండెంట్ వీసాతో డాలస్‌కో ఫ్రీమాంట్‌కో వెళ్లిన అమ్మాయి ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఎల్‌వీఎన్ కోర్సు వైపు చూస్తుంది. హెచ్‌4 అనే ఆ డిపెండెంట్ వీసా మీద చదవచ్చు, పరీక్ష రాయచ్చు. జీతం మాత్రం తీసుకోకూడదు, పని అనుమతి కార్డు రానంతవరకు. 2015 నుంచి ఆ కార్డు ఇస్తున్నారు కానీ, ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ140 దశ, అంటే కంపెనీ వేసే పిటిషన్ ఆమోదం, దాటినవాళ్లకు. ఆ కార్డు ఉందా లేదా అన్నది కోర్సు ఫీజు కట్టే ముందే చూసుకోవాలి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం, పని అనుమతి ఇచ్చేది ఇమిగ్రేషన్. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

రెండోది మన దగ్గర జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చేసినవాళ్లు. మూడేళ్ల చదువు, గుంటూరులోనో వరంగల్‌లోనో నాలుగైదేళ్ల అనుభవం ఉండి అమెరికా వెళదామనుకునేవాళ్లకు, ముందు ఎల్‌వీఎన్‌గా పంపిస్తాం, తర్వాత ఆర్ఎన్ చూసుకోవచ్చు అని ఎవరైనా ఏజెంటు చెబితే అక్కడే ఆగాలి. నర్సులు గ్రీన్‌కార్డు మీద వెళ్లే దారి అమెరికా కార్మిక శాఖ షెడ్యూల్ ఏ జాబితా, అంటే దేశంలో మనుషుల కొరత ఉందని ముందే ఒప్పుకున్న ఉద్యోగాల జాబితా. ఆ జాబితాలో ఉన్నది రిజిస్టర్డ్ నర్సులు, ఫిజియోథెరపిస్టులు. ఎల్‌వీఎన్ లేదు. డిగ్రీ అక్కర్లేని ఉద్యోగం కాబట్టి హెచ్‌1బీకీ సరిపోదు. అంటే ఇక్కడి నుంచి ఎల్‌వీఎన్‌గా వెళ్లడానికి పనికొచ్చే దారి దాదాపు లేదు. అప్పటికే అక్కడ ఉండి, పని అనుమతి ఉన్నవాళ్లకే ఈ లైసెన్సు అక్కరకొస్తుంది. అలాంటివాళ్లు కూడా జీఎన్‌ఎం మార్కుల జాబితాలు మొదట పంపాల్సింది ఆర్ఎన్ బోర్డుకే. మూడేళ్లు చదివిన మనిషి ఏడాది చదువు లైసెన్సుతో మొదలుపెడితే మొదటిరోజు నుంచే గంటకు 15 డాలర్లు వదులుకున్నట్టు. థియరీ, క్లినికల్ ఒకే కాలంలో నడిచాయా అన్నది కాలిఫోర్నియా ఆర్ఎన్ బోర్డు పట్టిపట్టి చూస్తుంది. లోటు ఉందంటే ఏ సబ్జెక్టులోనో చెబుతుంది, ఆ ఒక్కటీ అక్కడ చదువుకోవాలి. బోర్డు నుంచి జవాబు వచ్చేదాకా ఇంట్లో ఖర్చులకు ఎల్‌వీఎన్ పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేం లేదు, జవాబు కోసం దరఖాస్తు మాత్రం వేసి ఉండాలి.

ఇప్పటికే ఎల్‌వీఎన్ అయినవాళ్లకు పై మెట్టు ఎక్కే దారుల్లో కాలిఫోర్నియాలో ఒకటి చాలా ఊరిస్తుంది. దాని పేరు 30 యూనిట్ల దారి. ఎల్‌వీఎన్ ఇంకో 30 యూనిట్లు చదివితే, డిగ్రీ లేకుండానే ఆర్ఎన్ పరీక్ష రాయనిస్తారు. పాసైతే ఆర్ఎనే, జీతమూ ఆర్ఎన్‌దే. మెలిక ఎక్కడుందంటే, డిగ్రీ రాని ఈ ఆర్ఎన్ లైసెన్సును మిగతా రాష్ట్రాలు సాధారణంగా ఒప్పుకోవు. డిగ్రీ అడిగే ఆస్పత్రులు కాలిఫోర్నియాలో కూడా పక్కన పెడతాయి. రేపు భర్తకు ఉద్యోగం మారి కుటుంబం టెక్సస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లిందంటే ఆ ఆర్ఎన్ లైసెన్సు కాలిఫోర్నియాలోనే ఉండిపోతుంది. డిగ్రీతో ఆర్ఎన్ కావాలంటే, ఎల్‌వీఎన్ చదువును మొదటి ఏడాదిగా లెక్కలోకి తీసుకుని అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ల డిగ్రీ, ఇచ్చే కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఉంది. దానికి ఇంకో ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. సీటు కోసం మళ్లీ అదే వరుసలో నిలబడాలి.